ప్యానెల్ వచ్చింది, సైన్స్ టీచర్ ఎందుకు వాడటం లేదు?

అనంత_ఎంఎడ్ | మంగళవారం, సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఎం.ఎడ్. చదువుతున్నాను. అంతకు ముందు కొంతకాలం భౌతికశాస్త్రం బోధించాను. ఉన్నత పాఠశాలల సైన్స్ ఉపాధ్యాయులు తరగతిలో డిజిటల్ సాధనాలు వాడటానికి ఎంత సుముఖంగా ఉన్నారన్నది నా డిసర్టేషన్ అంశం. అసలు సర్వేకు ముందు కొన్ని బడుల్లో ప్రశ్నావళి నింపించి చూశాను. చిక్కు అక్కడే వచ్చింది.

"డిజిటల్ సాధనాలు సైన్స్ బోధనకు ఉపయోగపడతాయి" అన్న వాక్యానికి దాదాపు అందరూ "పూర్తిగా అంగీకరిస్తాను" దగ్గర టిక్కు పెట్టారు. "వాటిని నేర్చుకోవడం నాకు కష్టం కాదు" అన్నదానికీ అంతే. కాగితాలు తీసుకుని తిరిగి వస్తూ తరగతుల్లోకి తొంగి చూస్తే ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) మీద గుడ్డ కప్పి ఉంది. పక్కన బోర్డు మీద సుద్దముక్కతో కుంభాకార కటకం కిరణ చిత్రం. అది చాలా అందంగా ఉందని కూడా చెప్పాలి.

నేను ఆధారం చేసుకున్నది ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించిన నమూనా. ఒక సాధనం తన పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం, దాన్ని వాడటం తేలికన్న నమ్మకం, ఈ రెండూ ఉంటే మనిషి దాన్ని వాడతాడని ఆయన వాదన. 2003లో వెంకటేశ్, ఆయన సహచరులు దీన్ని విస్తరించి చుట్టూ ఉన్నవారి ప్రభావం, అనుకూల పరిస్థితులు కూడా చేర్చారు. నా కాగితాల్లో నమ్మకాలు రెండూ ఉన్నాయి, తరగతిలో వాడకం లేదు. మీ బడిలో ఏమి జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు రాయండి. బడి పేరు అవసరం లేదు.

ఆదోని_పీఎస్ | మంగళవారం, రాత్రి 8:40

ఉన్నది ఉన్నట్టు అన్నారు కాబట్టి రాస్తున్నాను, మేడమ్.

పీరియడ్ 45 నిమిషాలు. ముందు పీరియడ్ సార్ బయటికి వచ్చి, నేను లోపలికి వెళ్లి, పిల్లలు కుదురుకునేసరికి ఐదు నిమిషాలు పోతాయి. ప్యానెల్ ఆన్ చేసి, అది తెరుచుకుని, కావలసిన ఫైలు వెతికి పట్టుకునేసరికి ఇంకో ఐదారు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. వీడియో పది నిమిషాలు. మిగిలిన సమయంలోనే నోట్సు, ప్రశ్నలు, వెనకబడిన పిల్లలతో పని. పదో తరగతిలో భౌతిక రసాయన శాస్త్రం 50 మార్కుల పేపరు. ఫలితాలు వచ్చిన రోజు ఎంతమంది తప్పారని అడుగుతారు తప్ప, ఎన్ని యానిమేషన్లు చూపించావని ఎవరూ అడగరు.

అలాగని నేను వ్యతిరేకిని కాదు. తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్ర రేఖలు ఎలా ఉంటాయో, ద్రావణంలో అయాన్లు ఎలా కదులుతాయో సుద్దముక్కతో చెప్పి చెప్పి విసిగిపోయినవాడిని. కంటికి కనిపించనిదాన్ని చూపించాలంటే తెరే కావాలి. రసాయన సమీకరణం తుల్యం చేయడం నేర్పాలంటే మాత్రం పిల్లవాడు బోర్డు దగ్గరికి వచ్చి, తప్పు రాసి, చెరిపి, మళ్లీ రాయాలి.

ఇంకొక సంగతి మీ ప్రశ్నావళిలో ఉండదు. కోసిగి, కౌతాళం వైపు పత్తి తీతల కాలంలో, తర్వాత మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలిపోతాయి. పిల్లలు కూడా వెంట వెళతారు. తిరిగి వచ్చిన పిల్లవాడికి రెండు మూడు పాఠాలు ఎగిరిపోయి ఉంటాయి. నేను చెప్పిన పాఠాన్నే రికార్డు చేసి ఉంచితే అతను సాయంత్రం కూర్చుని చూసుకోగలడు. మా మండలాల్లో ప్యానెల్‌కు అసలు పని అదే. దానికి కావలసిన మైకు లేదు, రికార్డు చేయడానికి పీరియడ్ లేదు, ఆ పని చేయమని చెప్పినవాళ్లూ లేరు.

కడప_జీవశాస్త్రం | మంగళవారం, రాత్రి 9:25

గుండె పాఠానికి నేను మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పిస్తాను. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే ఎంత మందమో వేలితో నొక్కి చూసిన పిల్ల ఆ సంగతి పరీక్ష కోసం బట్టీ పట్టనవసరం లేదు. కానీ కోసిన గుండె కొట్టుకోదు కదా. కవాటం ఎప్పుడు తెరుచుకుంటుంది, ఊపిరితిత్తులకు వెళ్లిన రక్తం మళ్లీ ఏ గదిలోకి వస్తుంది అన్నవి యానిమేషన్ చూస్తేనే తేలుతాయి. అందుకే నా పద్ధతిలో ముందు చెయ్యి, తర్వాత తెర. తెర ముందుగా పెడితే నిజం గుండెను చూసి "ఒక పక్క నీలంగా లేదేమిటి మేడమ్?" అని అడుగుతారు.

మా బడిలో పనిచేసే సూక్ష్మదర్శిని ఒకటే. ఒక్కొక్కరూ వచ్చి చూడాలంటే పీరియడ్ సరిపోదు. సగం మంది తమ కనురెప్పల నీడనే చూసి "కనిపించింది మేడమ్" అని వెళ్లిపోతారు. ఇప్పుడు కటకం మీద ఫోను కెమెరా ఆనించి, ఆ చిత్రాన్ని ప్యానెల్ మీద వేస్తున్నాను. రియో ఆకు అడుగు పొరలో పత్ర రంధ్రాలు అందరికీ ఒకేసారి కనిపిస్తాయి. రక్షక కణం ఎక్కడుందో ఒక పిల్ల లేచి వేలితో చూపిస్తుంది, మరొకతను కాదంటాడు, అక్కడి నుంచి పాఠం వాళ్లదే. ఈ పద్ధతి నాకు ఏ శిక్షణలోనూ దొరకలేదు. పక్క మండలంలో పనిచేసే స్నేహితురాలు చూపించింది.

మరొక విషయం. ప్యానెల్ ఆగిపోతే స్టాఫ్ రూములోంచి కుర్ర సార్‌ను పిలవడం మా దగ్గర ఆనవాయితీ. ఆయన వచ్చి, రెండు నొక్కులు నొక్కి, నవ్వి వెళ్లిపోతాడు. ఏమి నొక్కాడో చెప్పడు. మరుసటి రోజు మళ్లీ పిలవాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న టీచర్ పిల్లల ముందు అలా నిలబడటం కన్నా ప్యానెల్ ముట్టుకోకపోవడమే మేలనుకుంటుంది. "వాడటం తేలికేనా" అని మీరు అడిగితే తేలికేనని టిక్కు పెడుతుంది. కాదని ఎవరు రాస్తారు?

ప్రొద్దుటూరు_ప్రైవేటు | మంగళవారం, రాత్రి 9:51

మా దగ్గర ప్రతి గదిలో ప్యానెల్ ఉంది. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులకు చూపిస్తాం. ఆ తర్వాత వారాంతపు పరీక్షల ర్యాంకులు దాని మీద వేస్తాం. ల్యాబ్ గది స్టడీ అవర్‌కు పోయింది. నేను సుముఖంగా ఉన్నానా అంటారా? నన్ను ఎవరైనా అడిగితే కదా.

పత్తికొండ_విశ్రాంత | బుధవారం, ఉదయం 5:50

పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. అయినా ఈ చర్చ నాకు కొత్త కాదు.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్స్ శిక్షణ కూడా ఆ టీవీలోనే ఇచ్చారు. ఆనాటికి అది ప్రపంచం మెచ్చిన పని. ఏడాది గడవగానే ఉపగ్రహాన్ని వేరే చోటికి తీసుకుపోయారు. 1987లో ప్రాథమిక బడులకు కనీస సామగ్రి ఇచ్చే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం వచ్చింది, దానితో సైన్స్ కిట్ పెట్టెలు వచ్చాయి. తర్వాత రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను పంపారు, చదువుకోసమే ప్రత్యేకంగా ఉపగ్రహం. అదే ఏడాది ఐసీటీ (సమాచార సాంకేతికత) పథకం, కంప్యూటర్ గదులు. కరోనా కాలంలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు. ఇప్పుడు ప్యానెళ్లు, ట్యాబులు.

ప్రతిసారీ ఉపాధ్యాయుడు మారడు అన్న మాటే వింటూ వచ్చాను. నేను చూసినది వేరు. సైన్స్ కిట్ పెట్టెలో గాజు పట్టకం, పరీక్ష నాళికలు, స్ప్రింగ్ త్రాసు ఉండేవి. వచ్చిన రోజునే స్టాక్ రిజిస్టరులో ఎక్కేవి. పరీక్ష నాళిక పగిలితే ఎవరు పగలగొట్టారో రాయాలి, ఆడిట్ వచ్చినప్పుడు సంజాయిషీ ఇవ్వాలి, బదిలీ అయినప్పుడు లెక్క అప్పజెప్పాలి. పెట్టెకు తాళం వేసినవాడికి ఏ బాధా లేదు. పదేళ్ల తర్వాత కూడా పట్టకం కొత్తదిగా మెరుస్తూ ఉండేది, ఆ బడిలో చదివి వెళ్లిన పిల్లలు ఒక్కరూ దానిలోంచి రంగులు చూసి ఉండరు. వస్తువు ధర పెరిగిన కొద్దీ ఈ భయం పెరుగుతుంది. పరీక్ష నాళికకే అంత భయపడినవాళ్లం, లక్షకు పైగా ఖరీదు చేసే ప్యానెల్‌ను పిల్లల చేతికి ఇమ్మంటే ఎలా ఇస్తాం?

అమ్మాయి తన ప్రశ్నావళిలో ఒకటి చేర్చాలి: ఇది పాడైతే ఎవరి జీతంలోంచి పోతుందని మీరు అనుకుంటున్నారు?

ఎమ్మిగనూరు_తండ్రి | బుధవారం, ఉదయం 10:05

నేను టీచర్‌ను కాను, మాది మగ్గం పని. మా పాప తొమ్మిదో తరగతి. వాళ్ల సార్ ప్యానెల్ వాడుతున్నారు. ఎలాగంటే, వీడియో పెట్టి వెనక కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటారట. వీడియోలో ఇంగ్లిష్ గబగబా పోతుంది. పాప ఇంటికి వచ్చి పుస్తకంలో తెలుగు పేజీ చదువుకుని అర్థం చేసుకుంటుంది. పుస్తకానికి ఒక వైపు ఇంగ్లిష్, ఇంకో వైపు తెలుగు ఇచ్చారు కదా, చాలా బాగుంది. వీడియోకు అలా ఎందుకు ఇవ్వరు? ఇలాంటి వాడకం కన్నా ఆ ఆదోని సార్ వాడకపోవడమే నయం అనిపిస్తోంది.

ఆదోని_పీఎస్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

ఎమ్మిగనూరు అన్నా, వీడియో గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. నేను శబ్దం తీసేసి, బొమ్మ మాత్రం నడిపించి, తెలుగులో నేనే చెబుతాను. ఆపి, వెనక్కి తిప్పి, ఇప్పుడు ఏమవుతుందో చెప్పండి అని అడుగుతాను. వీడియో దానంతట అది నడిస్తే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు.

రిజిస్టర్ల సంగతి మాత్రం సరదా కాదండీ. 2022లో ముఖం గుర్తించే హాజరు యాప్ వచ్చింది. అంతకు ముందు నుంచే మధ్యాహ్న భోజనం వివరాలు ఫోనులోనే పంపాలి, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా పంపాల్సి వచ్చింది. ఫోను మాది, డేటా ఖర్చు మాది. ఉదయం సిగ్నల్ కోసం ప్రహరీ గోడ దగ్గర ఫోను పైకెత్తి తిరిగిన మనిషి, తొలి పీరియడ్‌లో ఉత్సాహంగా సిమ్యులేషన్ (తెర మీద చేసి చూసే నమూనా ప్రయోగం) తెరుస్తాడా? యంత్రం మీద మాకు ద్వేషం లేదు. ఇన్నాళ్లూ అది మమ్మల్ని తనిఖీ చేయడానికే వచ్చింది, ఇప్పుడు పాఠానికి వచ్చానంటే నమ్మడానికి కొంత కాలం పడుతుంది.

కడప_రిసోర్స్ | బుధవారం, సాయంత్రం 7:30

నేను జిల్లా స్థాయి శిక్షణల్లో పాల్గొంటాను. అన్నింటికీ కరెంటు, యాప్‌లు, స్టాక్ రిజిస్టరు కారణమంటే ఒప్పుకోలేను. విద్యా పరిశోధకురాలు పెగ్గీ అర్ట్‌మర్ 1999లోనే రెండు రకాల అడ్డంకుల గురించి రాశారు. పరికరాలు, సమయం, శిక్షణ, సహాయం లేకపోవడం మొదటి రకం. బోధన గురించి టీచర్‌కు లోపల ఉన్న నమ్మకాలు రెండో రకం. మొదటివి తొలగించినా రెండోవి ఉంటే మార్పు రాదు. ఒకే జిల్లాలో, ఒకే రకం ప్యానెల్‌తో, అదే కరెంటుతో కొందరు అద్భుతంగా వాడుతున్నారు. పై కడప మేడమ్ గారే సాక్ష్యం. మిగతావారికి అడ్డం వస్తున్నది ఏమిటి?

వనరులు లేవనడం కూడా సరికాదు. డిజిటల్ పాఠాల జాతీయ వేదిక దీక్షా 2017 సెప్టెంబరు 5 నుంచి ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ఉన్నాయి. తెరిచి చూడాలి కదా.

ఆదోని_పీఎస్ | బుధవారం, రాత్రి 8:02

సార్, గౌరవంతోనే అడుగుతున్నాను. శిక్షణలో మాకు చూపించింది పెన్ను రంగు ఎలా మార్చాలి, తెరను ఎలా రెండుగా చీల్చాలి అని. లెక్కల టీచర్, సోషల్ టీచర్, మేము, అందరం ఒకే హాలులో. ఓమ్ నియమాన్ని దీనితో ఎలా చెప్పాలో, చెప్పాక పిల్లవాడిని ఏమి అడగాలో ఎవరైనా చూపించారా? పరిశోధకులు మిశ్రా, కోలర్ 2006లో రాసింది ఇదే కదా: విషయం తెలియడం, బోధన తెలియడం, సాధనం తెలియడం వేర్వేరుగా ఉంటే సరిపోదు, మూడూ కలిసే చోట ఉండే జ్ఞానం వేరు. ఆ కలిసే చోటుకు శిక్షణ ఇప్పించండి, తర్వాత మా నమ్మకాలు పరీక్షించండి.

కడప_రిసోర్స్ | బుధవారం, రాత్రి 8:20

సబ్జెక్టు వారీగా జరగాలన్నది నిజమే, నేనూ అడుగుతున్నాను. కానీ నమ్మకాల విషయంలో నా మాట మార్చుకోవడం లేదు. సబ్జెక్టు వారీగా పెట్టిన చోట కూడా వెనక వరుసలో కూర్చుని సంతకం పెట్టి వెళ్లేవారిని చూశాను.

గుంతకల్లు_సిగ్నల్ | బుధవారం, రాత్రి 10:10

రైల్వేలో సిగ్నల్ విభాగం నాది. మా కాలనీ పిల్లలకు సెలవుల్లో సైన్స్ చెబుతుంటాను. ఇక్కడ ఎవరూ ఫెట్ గురించి రాయలేదేమిటి? నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు. ఉచితం. చాలా వాటికి తెలుగు రూపం ఉంది, అది వినిపించేది కాదు, తెర మీది మాటలు తెలుగులో ఉంటాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా బ్రౌజరులో నడుస్తాయి. విద్యుత్ వలయం కట్టేదానిలో బ్యాటరీ, తీగ, బల్బు లాగి కలిపితే ఎలక్ట్రానులు కదలడం కనిపిస్తుంది. షార్ట్ సర్క్యూట్ చేస్తే మంట వస్తుంది, ఎవరికీ దెబ్బ తగలదు, ఏ రిజిస్టరులోనూ రాయనవసరం లేదు. ముల్లు ఇరుక్కుపోయిన పాత అమ్మీటర్లతో కుస్తీ పట్టడం ఇంక ఎందుకు?

కళ్యాణదుర్గం_హెచ్ఎం | గురువారం, ఉదయం 6:35

సిగ్నల్ గారూ, సిమ్యులేషన్ చూపించండి, కానీ అమ్మీటర్‌ను పారేయకండి. హెచ్ఎం కాకముందు నేను భౌతికశాస్త్రం టీచర్‌ను, అందుకే ఈ ఒక్క విషయం మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

తెర మీద నిరోధకం పెట్టి వోల్టేజి పెంచుతూ పోతే కరెంటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ. పిల్లలు సంతోషిస్తారు, ఓమ్ నియమం రుజువైందంటారు. అసలు రుజువైందా? ఆ నియమాన్ని అందులో పెట్టినవాడు ప్రోగ్రామర్. మనం చూసింది అతను రాసిన సమీకరణాన్ని. అదే పాత టార్చిలోని ఫిలమెంటు బల్బు తెచ్చి, ఒక సెల్లు, రెండు, మూడు, నాలుగు పెట్టి కొలవండి. గీత వంగుతుంది. వోల్టేజి రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపు కాదు, తక్కువే పెరుగుతుంది. ఎందుకంటే టంగ్‌స్టన్ తీగ తెల్లగా వెలిగే వేడిలో దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే సుమారు పది రెట్లు అవుతుంది. ఉష్ణోగ్రత మారనంత వరకే ఓమ్ నియమం అని పుస్తకంలో ఉన్న చిన్న షరతు అప్పుడు ప్రాణం పోసుకుంటుంది. "సార్, మన మీటరు తప్పు" అని ఒకతను అంటాడు, "కాదు, బల్బు వేడెక్కింది" అని ఇంకొకతను అంటాడు. సైన్స్ తరగతిలో నాకు కావలసింది ఆ వాదన. నాలుగు సెల్లులు, ఒక బల్బు, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత తీగ లోపల ఏమి జరుగుతోందో చూపించడానికి మీ సిమ్యులేషన్ కావాలి, పరమాణువుల కంపనం మా బల్బులో కనిపించదు కాబట్టి.

చాలామంది మంచి సైన్స్ టీచర్లు ప్యానెల్‌కు దూరంగా ఉండటానికి ఇది ఒక కారణం అనుకుంటున్నాను. ప్రయోగాన్ని తీసేసి దాని స్థానంలో తెర పెట్టమంటున్నారని వాళ్లకు అనిపిస్తోంది. అలాంటి టీచర్ మీ కాగితం మీద "సుముఖత తక్కువ" అని తేలుతుంది. ప్రయోగం జోలికి ఎప్పుడూ పోనివాడు వీడియో పెట్టి కూర్చుంటే "సుముఖత ఎక్కువ".

ఇక పత్తికొండ మాస్టారు రాసిన రిజిస్టరు సంగతి. మా బడిలో ప్యానెళ్లు వచ్చిన కొత్తలో స్టాఫ్ మీటింగ్ పెట్టి, పాఠం చెబుతూ ఉండగా పాడైతే దానికి పూచీ హెచ్ఎందే, టీచర్‌ది కాదు అని మినిట్స్‌లో రాయించి సంతకం పెట్టాను. పై అధికారి ఒకరు ఇది నిబంధనల్లో ఎక్కడుందని అడిగారు. అలా చేయకూడదని కూడా ఎక్కడా లేదని చెప్పాను. ప్రతి తరగతిలో ఇద్దరు పిల్లలకు ప్యానెల్ బాధ్యత ఇచ్చాం. ముందు పీరియడ్ ముగిసేలోగా వచ్చే టీచర్‌కు కావలసిన ఫైలు తెరిచి ఉంచుతారు. ఆదోని సార్ లెక్కగట్టిన ఆ ఐదారు నిమిషాలు అలా మిగిలాయి. ఏడో తరగతి పిల్లలు మాకన్నా వేగంగా చేస్తారు, పైగా ఆపి ఎలా చేశారో అడిగితే నేర్పుతారు, కడప మేడమ్ గారి కుర్ర సార్‌లా కాదు.

కడప_జీవశాస్త్రం | గురువారం, ఉదయం 7:10

ఆ మినిట్స్ పేజీ ఫోటో తీసి పంపగలరా సార్? బడి పేరు కొట్టేసి. మా హెచ్ఎం మేడమ్‌కు చూపిస్తాను.

గుంతకల్లు_సిగ్నల్ | గురువారం, ఉదయం 9:00

బల్బు విషయం ఒప్పుకుంటాను. అయినా పనిచేసే మీటరే లేని బడిలో సిమ్యులేషన్ ఏమీ లేనిదానికన్నా మేలే కదా, హెచ్ఎం గారూ. అలాంటి బడులు మీకూ తెలుసు.

లెక్చరర్_ఎస్‌కేయూ_పూర్వ | గురువారం, మధ్యాహ్నం 3:45

ఇంతవరకు అందరూ ఒక మాటను అడగకుండానే ఒప్పుకున్నారు: టీచర్లు వాడితే పిల్లలకు చదువు వస్తుందని. 2015లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) నివేదిక ఏమి చెప్పింది? బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల్లో చదవడం, గణితం, సైన్స్‌లలో 15 ఏళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పరీక్ష పీసా ఫలితాల్లో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదని. పెరూ దేశంలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి చూసిన అధ్యయనం 2012లో వచ్చింది, గణితం, భాష పరీక్షల్లో తేడా లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఢిల్లీలో మురళీధరన్, సింగ్, గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. బడి అయ్యాక కంప్యూటర్ మీద చదివిన పిల్లలు నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందుకు వెళ్లారు. చిన్న తేడా కాదు. కానీ అక్కడ ఒక్కో పిల్లవాడు తన స్థాయికి తగిన ప్రశ్నలు చేసుకుంటూ పోయాడు. యాభై మంది ముందు ఒక తెర పెట్టి ఒకే వీడియో నడపడం వేరు, అది వేరు. ఏ సాధనం, ఎవరి చేతిలో, ఏ పనికి అని చెప్పకుండా "డిజిటల్ పట్ల సుముఖత" కొలిస్తే వచ్చిన అంకెకు అర్థం ఉండదు. హాజరు యాప్ కూడా డిజిటలే.

ఇంకొకటి, అనంతా. ప్రశ్నావళి హెచ్ఎం చేతుల మీదుగా పంచావా? అయితే అందరూ "పూర్తిగా అంగీకరిస్తాను" అనడంలో ఆశ్చర్యం లేదు. పేరు అడగలేదని నువ్వు అంటావు. బడిలో ఇద్దరే సైన్స్ టీచర్లున్నప్పుడు పేరు అడగాలా? అభిప్రాయం అడగకు, జరిగింది అడుగు. పోయిన వారం ఏ పాఠానికి తెర వాడారు, ఎంతసేపు, మధ్యలో ఆగితే ఏమి చేశారు, ఆ పాఠంలో చేతితో చేసిన ప్రయోగం ఏదైనా ఉందా. "అంగీకరిస్తాను, అంగీకరించను" అని టిక్కు పెట్టించే లైకర్ట్ స్కేలు ఎక్కడికీ పోదు, దాన్ని తర్వాత పెట్టుకో.

అనంత_ఎంఎడ్ | గురువారం, రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. సార్, పంచింది హెచ్ఎంల ద్వారానే. ఈసారి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసేవి) బయట నేనే నేరుగా కలుస్తాను. గైడ్‌తో మాట్లాడాను, నమూనా మార్చనవసరం లేదు, అనుకూల పరిస్థితులు అన్న భాగాన్ని విడగొట్టమన్నారు. ఈ ప్రశ్నలు చేరుస్తున్నాను:

పాఠం చెబుతుండగా ప్యానెల్ పాడైతే ఆ భారం ఎవరి మీద పడుతుందని అనుకుంటున్నారు? ప్యానెల్ ఆగిపోతే ఎవరిని పిలుస్తారు, వారు మీకు నేర్పుతారా? పోయిన వారం తెర వాడిన పాఠం ఏది, దానికి ముందు గానీ తర్వాత గానీ ప్రయోగం చేయించారా? వీడియో శబ్దం ఉంచారా, తీసేశారా? బడి పని కోసం మీ సొంత ఫోనులో ఏ యాప్‌లు ఉన్నాయి?

చివరిది ఉంచాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. అనుమతి ఇచ్చేవాళ్లు చూసి అభ్యంతరం పెడతారేమో.

పత్తికొండ_విశ్రాంత | శుక్రవారం, ఉదయం 5:40

ఉంచమ్మా. అభ్యంతరం పెడితే అది కూడా ఒక సమాధానమే, అనుబంధంలో రాసుకో.

కడప_రిసోర్స్ | శుక్రవారం, ఉదయం 8:15

నా వాదనకు కూడా ఒక ప్రశ్న ఇవ్వండి. "మీరు వాడకపోవడానికి కారణం పైవి ఏవీ కాకపోతే రాయండి" అని ఖాళీ గీత వదలండి. ఏమి వస్తుందో చూద్దాం.

ఎమ్మిగనూరు_తండ్రి | శుక్రవారం, ఉదయం 8:50

పిల్లలను కూడా అడగండమ్మా. వీడియో అర్థమైందా అని పాపను ఎవరూ అడగలేదు.

ఆదోని_పీఎస్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:05

గుంతకల్లు అన్నా, ఆ తెలుగు సిమ్యులేషన్లు దించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వగలరా? మా బడిలో నెట్‌తో దించాలంటే సాయంత్రం దాకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆదివారం గుంతకల్లు వస్తాను.

గుంతకల్లు_సిగ్నల్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:40

రండి సార్. ముందుగా పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి తీసుకురండి, వేరే ఫార్మాట్ అయితే కొన్ని ప్యానెళ్లు చదవవు. సిమ్యులేషన్లు చిన్న ఫైళ్లు, ఇబ్బంది లేదు. మీ పాఠాల రికార్డింగులు కూడా అందులోనే పెట్టుకుంటారనుకుంటే ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉంచండి, అంతకు మించితే ఎక్కదు. మైకు ఒకటి నా దగ్గర పాతది ఉంది, పనిచేస్తే అది కూడా పట్టుకెళ్లండి.